స్విచ్ పోర్ట్‌కు తాళం వేయడం: 802.1ఎక్స్ ఎలా సెట్ చేయాలి

"బయటివాళ్లు ల్యాప్‌టాప్ తెచ్చి గోడ సాకెట్‌లో కేబుల్ పెడితే సూటిగా మా లోపలి నెట్‌వర్క్‌లోకి వచ్చేస్తున్నారు. ఆపేదెలా?" ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. కొన్నాళ్లకు వాళ్ల దగ్గర్నుంచే రెండో ప్రశ్న వస్తుంది. "802.1ఎక్స్ పెట్టాను, ఆఫీసు మొత్తం ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?"

మొదటి ప్రశ్నకు జవాబు పది పదిహేను కమాండ్లు. రెండో ప్రశ్న రాకుండా చూసుకోవడమే అసలు పని, అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను. తలుపు మొదట తెరిచే ఉంచి ఎవరు వస్తున్నారో చూడాలి. ఆ తర్వాత ఒక్కో పోర్ట్ చొప్పున మూయాలి. ఈ వరుస తప్పితే టెన్షన్ ఖాయం.

సిద్ధాంతం ఒక్క పేరాలో చెబుతాను. 802.1ఎక్స్ 2001లో వచ్చిన ఐఈఈఈ ప్రమాణం. ఇందులో ముగ్గురుంటారు: కేబుల్ పెట్టిన కంప్యూటర్, మధ్యలో స్విచ్, వెనక యూజర్ పేరు, పాస్‌వర్డ్ సరిచూసే రేడియస్ సర్వర్. పాస్‌వర్డ్ సరైనదో కాదో స్విచ్‌కు తెలియదు. కంప్యూటర్ చెప్పింది సర్వర్‌కు చేరవేసి, సర్వర్ సరే అంటే పోర్ట్ తెరుస్తుంది, అంతే. అప్పటిదాకా ఆ పోర్ట్‌లో ఈ లాగిన్ సంభాషణ తప్ప ఇంకే ట్రాఫిక్కూ కదలదు.

"మ్యాక్ అడ్రస్‌తో పోర్ట్ సెక్యూరిటీ పెడితే చాలదా?" అని కూడా అడుగుతుంటారు. చాలదు. మ్యాక్ అడ్రస్, అంటే ప్రతి నెట్‌వర్క్ కార్డ్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య, ప్రింటర్ వెనక స్టిక్కర్ మీదే అచ్చయి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో దాన్ని మార్చుకోవడానికి ఒక్క నిమిషం పట్టదు.

కావలసినవి

ఇక్కడి ఉదాహరణలు సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌వి, 2960-ఎక్స్ రకం. వేరే కంపెనీ స్విచ్ అయితే కమాండ్లు మారతాయి కానీ పని వరుస ఇదే.

- 802.1ఎక్స్ చేయగల మేనేజ్డ్ స్విచ్. మామూలు డెస్క్ స్విచ్‌లతో ఇది కుదరదు.
- రేడియస్ సర్వర్. ఉబుంటు మెషీన్ మీద ఫ్రీరేడియస్ ఉచితంగా పెట్టుకోవచ్చు. ఆఫీసులో యాక్టివ్ డైరెక్టరీ ఉంటే విండోస్ సర్వర్‌లోని ఎన్‌పీఎస్ (మైక్రోసాఫ్ట్ సొంత రేడియస్ సర్వర్) వాడండి, అదే సుఖం.
- పరీక్షకు ఒక ల్యాప్‌టాప్, ఒక ఖాళీ పోర్ట్.
- కన్సోల్ కేబుల్, అంటే నెట్‌వర్క్‌తో పని లేకుండా కంప్యూటర్‌ను నేరుగా స్విచ్‌కు కలిపేది. దీన్ని మాత్రం వదిలేయకండి. రాక్ దగ్గరికి వెళ్లి స్విచ్‌లో పెట్టి, లాగిన్ తెర వస్తోందో లేదో ముందే చూసుకోండి.
- స్విచ్‌లో, సర్వర్‌లో, ల్యాప్‌టాప్‌లో సరైన తేదీ, టైమ్. ల్యాప్‌టాప్ గడియారం పాత తేదీలో ఉంటే సర్వర్ సర్టిఫికెట్ దానికి చెల్లనట్టే కనిపిస్తుంది.

ఉదాహరణకు ఇవి అనుకుందాం: స్విచ్ 10.10.10.2, రేడియస్ సర్వర్ 10.10.10.5, రెండూ వీల్యాన్ 10లో (వీల్యాన్ అంటే ఒకే స్విచ్ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్). సిబ్బందికి వీల్యాన్ 20, ఫోన్లకు 30, ప్రింటర్లకు 40, అతిథులకు 90. పరీక్ష పోర్ట్ గిగ్ 1/0/5.

కమాండ్లను మనం పలికే తీరులో రాశాను. స్విచ్‌లో టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే. "డాట్1ఎక్స్" అన్నచోట చుక్క గుర్తు పెట్టకూడదు. డాట్ అనే మాట, ఒకటి అంకె, ఎక్స్ అక్షరం కలిపి కొట్టాలి. స్పెల్లింగ్ అనుమానం వస్తే ప్రశ్న గుర్తు నొక్కండి, స్విచ్చే జాబితా చూపిస్తుంది.

1. ఏ పోర్ట్‌లో ఏముందో రాసుకోండి

"షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్", "షో మ్యాక్ అడ్రస్-టేబుల్" కొట్టి వచ్చినదంతా ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించండి. పోర్ట్ నంబర్, మ్యాక్ అడ్రస్, అక్కడున్న వస్తువు. కంప్యూటర్లు ఎలాగూ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే ఉంటాయి: ప్రింటర్, వేలిముద్ర హాజరు మెషీన్, సీసీ కెమెరా, ఐపీ ఫోన్, మీటింగ్ గదిలో టీవీ, యూపీఎస్ నెట్‌వర్క్ కార్డ్. ఇవే రేపు ఆగిపోయేవి.

ఒకే పోర్ట్‌లో మూడు నాలుగు మ్యాక్ అడ్రస్‌లు కనిపిస్తే అక్కడ టేబుల్ కింద ఎవరో చిన్న స్విచ్ పెట్టుకున్నారని అర్థం. లేచి వెళ్లి చూడండి. కుర్చీలో కూర్చుని ఊహించకండి.

ముట్టుకోకూడని పోర్ట్‌ల పక్కన ఎర్ర రంగు వేయండి: అప్‌లింక్, వేరే స్విచ్‌కు వెళ్లే ట్రంక్, వైఫై యాక్సెస్ పాయింట్లు, సర్వర్లు. రేడియస్ సర్వర్ ఉన్న పోర్ట్‌కే తాళం వేసిన వాళ్లున్నారు. ఆ తాళం తీయడానికి అనుమతి ఇవ్వాల్సిన సర్వర్ లోపలే ఇరుక్కుపోతుంది.

2. రేడియస్ సర్వర్ సిద్ధం చేయండి

ఉబుంటులో "ఫ్రీరేడియస్", "ఫ్రీరేడియస్-యుటిల్స్" ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేయండి. ఫైళ్లన్నీ ఈటీసీ ఫోల్డర్ కింద ఫ్రీరేడియస్, దాని లోపల 3.0 అనే ఫోల్డర్‌లో ఉంటాయి. మార్చాల్సినవి రెండే.

మొదటిది క్లయింట్స్ ఫైల్. ఇందులో లోకల్‌హోస్ట్ పేరుతో ఒక నమూనా బ్లాక్ ఉంటుంది. దాన్ని కాపీ చేసి పేరు మార్చండి, ఐపీ దగ్గర 10.10.10.2 పెట్టండి, సీక్రెట్ దగ్గర పొడవాటి కొత్త సీక్రెట్ రాయండి. నమూనాలో ఉండే "టెస్టింగ్123"ను స్విచ్‌కు వాడొద్దు, అది లోకమంతా తెలిసినదే.

రెండోది యూజర్ల ఫైల్. మాడ్స్-కాన్ఫిగ్, ఫైల్స్ అనే ఫోల్డర్లలో "ఆథరైజ్" పేరుతో ఉంటుంది. అందులో "బాబ్" అనే నమూనా యూజర్ కామెంట్‌గా కనిపిస్తాడు. అదే ఆకారంలో మీ పరీక్ష యూజర్‌ను ఫైల్ పైభాగంలో రాయండి. వీల్యాన్ కూడా సర్వర్ నుంచే ఇవ్వాలని ఈ దశలో అనుకోకండి. మొదటిరోజు పోర్ట్‌కు ఉన్న వీల్యాన్ అలాగే ఉండనివ్వండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది చెడిందో తెలియదు.

ఇప్పుడు సర్వీస్ ఆపి, "ఫ్రీరేడియస్ -ఎక్స్" (పెద్ద ఎక్స్) అని డీబగ్‌లో నడపండి. సర్వీస్ ఆపకుండా ఇది కొడితే 1812 పోర్ట్ ఇప్పటికే వాడుకలో ఉందని ఆగిపోతుంది. చాలామంది ఇక్కడే "ఇన్‌స్టాల్ సరిగా కాలేదు" అనుకుని మళ్లీ మొదటికి వెళ్తారు.

చూసుకోవడం ఎలా: ఇంకో టెర్మినల్ తెరిచి "ర్యాడ్‌టెస్ట్" కమాండ్‌తో యూజర్ పేరు, పాస్‌వర్డ్, లోకల్‌హోస్ట్, 0, టెస్టింగ్123 ఇవ్వండి. "యాక్సెస్-యాక్సెప్ట్" వస్తే యూజర్ ఫైల్ సరిగ్గా ఉన్నట్టు. అయితే ఇది మామూలు పాస్‌వర్డ్ పరీక్ష మాత్రమే. ల్యాప్‌టాప్ చేసే ఈఏపీ (802.1ఎక్స్ లాగిన్ మాట్లాడే భాష), సర్టిఫికెట్ సంభాషణను ఇది ముట్టుకోదు. కాబట్టి ర్యాడ్‌టెస్ట్ పాసైనంత మాత్రాన పని అయిపోలేదు.

ఫైర్‌వాల్‌లో యూడీపీ 1812, 1813 తెరవండి. ఎన్‌పీఎస్ వాడేవారికి ఒక మాట: విండోస్ సర్వర్ 2019లో ఎన్‌పీఎస్ పెట్టగానే ఫైర్‌వాల్ రూల్స్ ఆన్‌లోనే కనిపిస్తాయి, అయినా స్విచ్ నుంచి ప్యాకెట్లు లోపలికి రావు. పోర్ట్ నంబర్లతో మీరే ఒక కొత్త ఇన్‌బౌండ్ రూల్ రాస్తే సరిపోతుంది. ఈ ఒక్కటి తెలియక రోజులు పోగొట్టుకున్నవారిని చూశాను.

3. స్విచ్ మీరే చేజార్చుకోకుండా జాగ్రత్త

రాబోయే మొదటి కమాండ్ "ఎఎఎ న్యూ-మోడల్" కొట్టిన క్షణంలోనే స్విచ్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి మారిపోతుంది. అప్పటిదాకా రిమోట్ లాగిన్‌కు పాస్‌వర్డ్ ఒక్కటే అడిగే స్విచ్, ఇకనుంచి యూజర్ పేరు కూడా అడుగుతుంది. లోపల యూజర్ ఎవరూ లేకపోతే మీరు బయటే.

నాకు ఇది జరిగింది. ఇంట్లో కూర్చుని, రాత్రి పదిన్నరకి, ఊరి అవతలి ఆఫీసు స్విచ్‌లో ఈ కమాండ్ కొట్టి టెర్మినల్ కిటికీ మూసేశాను. మళ్లీ తెరిస్తే "యూజర్‌నేమ్" అని అడిగింది. ఏ పేరు ఇచ్చినా తిరస్కరించింది. తెల్లారగానే కన్సోల్ కేబుల్ బ్యాగులో వేసుకుని బండి మీద వెళ్లాను. రాక్ ముందు నేల మీద కూర్చుని కేబుల్ పెడితే కన్సోల్‌లో తెర వచ్చింది, ఒక్క వరుస కొడితే సరిపోయింది. ఆ ఒక్క వరుస రాత్రే కొట్టి ఉంటే సరిపోయేది. అందుకే ఈ వరుసలో చేయండి:

ముందుగా "రైట్ మెమరీ" కొట్టి ఇప్పుడున్న సెట్టింగ్ సేవ్ చేయండి. ఒక కాపీ మీ కంప్యూటర్‌లో కూడా దాచండి.

తర్వాత "రీలోడ్ ఇన్ 30". అంటే 30 నిమిషాల్లో మీరు ఆపకపోతే స్విచ్ తనంతట తానే రీస్టార్ట్ అయి పాత సెట్టింగ్‌కు వెళ్లిపోతుంది. దీన్ని మార్పులు మొదలుపెట్టే ముందే కొట్టాలి. మార్పుల మధ్యలో కొడితే "సేవ్ చేయాలా?" అని అడుగుతుంది, అలవాటుగా అవును అనేస్తే ఈ జాగ్రత్త వృథా. రీస్టార్ట్ అయితే ఆ స్విచ్ మీదున్న అందరికీ కొన్ని నిమిషాలు నెట్ పోతుంది కాబట్టి ఆఫీసు అయ్యాక చేయండి.

ఇప్పుడు కాన్ఫిగ్ మోడ్‌లో:

యూజర్‌నేమ్ అడ్మిన్ ప్రివిలేజ్ 15 సీక్రెట్ (మీ పాస్‌వర్డ్)
ఎఎఎ న్యూ-మోడల్
ఎఎఎ ఆథెంటికేషన్ లాగిన్ డిఫాల్ట్ లోకల్

చూసుకోవడం ఎలా: ఇప్పుడున్న కిటికీ మూయకుండానే రెండో కిటికీలో స్విచ్‌లోకి లాగిన్ అవ్వండి. లోపలికి వెళ్లగలిగితేనే తర్వాతి దశకు వెళ్లాలి.

4. స్విచ్‌కు సర్వర్‌ను పరిచయం చేయండి

రేడియస్ సర్వర్ ఆర్1
అడ్రస్ ఐపీవీ4 10.10.10.5 ఆథ్-పోర్ట్ 1812 ఎసీసీటీ-పోర్ట్ 1813
కీ (క్లయింట్స్ ఫైల్‌లో రాసిన సీక్రెట్)

ఆథ్-పోర్ట్, ఎసీసీటీ-పోర్ట్ నంబర్లు తప్పకుండా రాయండి. రాయకుండా వదిలేస్తే చాలా సిస్కో స్విచ్‌లు పాత నంబర్లయిన 1645, 1646కే పంపుతాయి. ఫ్రీరేడియస్ వినేది 1812 మీద. మీరు ఇక్కడ అడుగుతుంటారు, అక్కడ వినేవారుండరు.

రేడియస్ సర్వర్ మోడ్ నుంచి బయటికి వచ్చి:

ఐపీ రేడియస్ సోర్స్-ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10
ఎఎఎ ఆథెంటికేషన్ డాట్1ఎక్స్ డిఫాల్ట్ గ్రూప్ రేడియస్
ఎఎఎ ఆథరైజేషన్ నెట్‌వర్క్ డిఫాల్ట్ గ్రూప్ రేడియస్
ఎఎఎ అకౌంటింగ్ డాట్1ఎక్స్ డిఫాల్ట్ స్టార్ట్-స్టాప్ గ్రూప్ రేడియస్
డాట్1ఎక్స్ సిస్టమ్-ఆథ్-కంట్రోల్

చివరి వరుస స్విచ్ మొత్తానికి మెయిన్ స్విచ్ లాంటిది. ఇది మరిచిపోతే పోర్ట్‌లో ఎన్ని కమాండ్లు కొట్టినా ఏమీ జరగదు. ఎర్రర్ కూడా రాదు, అదే ఇబ్బంది.

చూసుకోవడం ఎలా: "టెస్ట్ ఎఎఎ గ్రూప్ రేడియస్" తర్వాత యూజర్ పేరు, పాస్‌వర్డ్, "న్యూ-కోడ్". సర్వర్‌లో డీబగ్ తెర పక్కనే పెట్టుకుని చూడండి. అక్కడ మూడింటిలో ఒకటి జరుగుతుంది.

ఏమీ కదలకపోతే దారిలో ఫైర్‌వాల్ ఉంది, లేదా పోర్ట్ నంబర్ తప్పు. "అన్‌నోన్ క్లయింట్" అని వస్తే స్విచ్ వేరే ఐపీ నుంచి మాట్లాడుతోంది. సోర్స్-ఇంటర్‌ఫేస్ వరుస, క్లయింట్స్ ఫైల్‌లోని ఐపీ పోల్చండి. "షేర్డ్ సీక్రెట్ ఈజ్ ఇన్‌కరెక్ట్" అంటే రెండు చోట్ల సీక్రెట్ ఒకటి కాదు. ఎక్కువసార్లు కాపీ పేస్ట్‌లో చివర వచ్చిన ఒక ఖాళీ వల్లే ఇది జరుగుతుంది. సీక్రెట్‌లో ప్రశ్న గుర్తు కూడా పెట్టకండి, స్విచ్ దాన్ని సహాయం అడగడంగా తీసుకుంటుంది.

5. ఒక్క పోర్ట్, తలుపు తెరిచే

ఇంటర్‌ఫేస్ గిగ్ 1/0/5లోకి వెళ్లి:

స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్
స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీల్యాన్ 20
ఆథెంటికేషన్ ఓపెన్
ఆథెంటికేషన్ హోస్ట్-మోడ్ మల్టీ-డొమైన్
ఆథెంటికేషన్ ఆర్డర్ డాట్1ఎక్స్ మ్యాబ్
ఆథెంటికేషన్ ప్రయారిటీ డాట్1ఎక్స్ మ్యాబ్
మ్యాబ్
డాట్1ఎక్స్ పీఏఈ ఆథెంటికేటర్
డాట్1ఎక్స్ టైమౌట్ టీఎక్స్-పీరియడ్ 10
స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్
ఆథెంటికేషన్ పోర్ట్-కంట్రోల్ ఆటో

9200 రకం కొత్త స్విచ్‌లలో కొత్త పద్ధతికి మారిస్తే వీటిలో కొన్ని కమాండ్లు "యాక్సెస్-సెషన్" అనే మాటతో మొదలవుతాయి, మరికొన్నిటి రూపమే మారుతుంది. భావం మారదు.

ఇందులో ప్రాణం "ఆథెంటికేషన్ ఓపెన్". అది ఉన్నంతసేపు లాగిన్ పాసైనా ఫెయిలైనా ట్రాఫిక్ వెళ్తూనే ఉంటుంది. ఎవరు ఫెయిలయ్యారన్నది మాత్రం స్విచ్ రాసిపెడుతుంది. ఎవరి పనీ ఆగదు, మీకు మాత్రం నిజం తెలుస్తుంది.

టీఎక్స్-పీరియడ్ ఎందుకంటే: మామూలుగా స్విచ్ 30 సెకన్లకోసారి, మొత్తం మూడుసార్లు "నువ్వెవరు?" అని అడుగుతుంది. జవాబు రాకపోతే 90 సెకన్ల తర్వాతే తర్వాతి పద్ధతికి, అంటే మ్యాబ్‌కు (మ్యాక్ అడ్రస్ చూసి రానివ్వడం, 8వ దశలో చెబుతాను) వెళ్తుంది. ఆలోపు ప్రింటరో, కొత్తగా ఆన్ చేసిన కంప్యూటరో డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్ ఇచ్చే సర్వీస్) కోసం చూసి చూసి 169.254తో మొదలయ్యే ఐపీ పెట్టేసుకుంటుంది. 10 పెడితే ఈ ఎదురుచూపు 30 సెకన్లకు తగ్గుతుంది. ఇంకా తగ్గించి 2, 3 పెట్టకండి. నిదానంగా లేచే ల్యాప్‌టాప్‌లు జవాబు చెప్పేలోపే స్విచ్ వాటిని వదిలేస్తుంది.

6. ల్యాప్‌టాప్ వైపు

విండోస్‌లో ఈథర్నెట్ ప్రాపర్టీస్ తెరిస్తే "ఆథెంటికేషన్" ట్యాబ్ కనిపించదు. నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. సర్వీసెస్ తెరవండి, "వైర్డ్ ఆటోకాన్ఫిగ్" వెతకండి, స్టార్ట్ చేసి స్టార్టప్ టైప్ ఆటోమేటిక్ చేయండి. మళ్లీ ప్రాపర్టీస్ తెరిస్తే ట్యాబ్ ఉంటుంది. డొమైన్‌లోని కంప్యూటర్లన్నిటికీ గ్రూప్ పాలసీతో ఒకేసారి ఇది చేయవచ్చు.

ట్యాబ్‌లో 802.1ఎక్స్ టిక్ పెట్టి, పద్ధతి పీఈఏపీ (సర్వర్ సర్టిఫికెట్‌తో రక్షించిన దారిలో పాస్‌వర్డ్‌తో లాగిన్) ఎంచుకోండి. సెట్టింగ్స్‌లో సర్వర్ సర్టిఫికెట్ సరిచూసే టిక్ ఉంటుంది. పని కావట్లేదని దాన్ని తీసేసి అలాగే వదిలేయకండి. అది తీసేస్తే ల్యాప్‌టాప్ ఏ దొంగ సర్వర్ అడిగినా తన వివరాలు ఇచ్చేస్తుంది. సర్వర్ సర్టిఫికెట్‌ను ఇచ్చిన రూట్ సర్టిఫికెట్‌ను ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేయడమే సరైన దారి.

డొమైన్‌లో లేని ల్యాప్‌టాప్ అయితే, పీఈఏపీ లోపలి సెట్టింగ్‌లో విండోస్ లాగిన్ పేరునే వాడమనే టిక్ తీయండి. లేకపోతే మీ రేడియస్‌కు తెలియని పేరు వెళ్తుంది.

డొమైన్ కంప్యూటర్లలో "యూజర్ ఆర్ కంప్యూటర్" అనే మోడ్ ఎంచుకోండి. యూజర్ మాత్రమే అని పెడితే, లాగిన్ తెర దగ్గర నెట్ ఉండదు. ఆ కంప్యూటర్‌లో అంతకుముందు ఎప్పుడూ లాగిన్ అవ్వని ఉద్యోగి అసలు లోపలికే రాలేడు.

విండోస్ 11లో 22హెచ్2 నుంచి ఎంటర్‌ప్రైజ్ కంప్యూటర్లలో క్రెడెన్షియల్ గార్డ్ తనంతట తానే ఆన్ అవుతుంది. అప్పుడు పీఈఏపీ విండోస్ పాస్‌వర్డ్‌ను తానే తీసుకోలేదు, నిన్నటిదాకా పనిచేసింది హఠాత్తుగా పాస్‌వర్డ్ అడగడం మొదలుపెడుతుంది. దీనికి శాశ్వత మందు ఈఏపీ-టీఎల్ఎస్, అంటే పాస్‌వర్డ్ బదులు ఒక్కో కంప్యూటర్‌కు ఒక సర్టిఫికెట్. పని ఎక్కువే. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం సూటిగా అటే వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

ఉబుంటు ల్యాప్‌టాప్‌లో వైర్డ్ సెట్టింగ్స్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లో 802.1ఎక్స్ ఆన్ చేసి ఇవే వివరాలు ఇస్తే చాలు.

7. నిజంగా పనిచేసిందా?

"షో ఆథెంటికేషన్ సెషన్స్ ఇంటర్‌ఫేస్ గిగ్ 1/0/5 డీటెయిల్స్" కొట్టండి. యూజర్-నేమ్ ఎదురుగా మీ పరీక్ష యూజర్ పేరు ఉండాలి. స్టేటస్ ఎదురుగా "ఆథరైజ్డ్" ఉండాలి. అడుగున పద్ధతుల జాబితాలో డాట్1ఎక్స్ ఎదురుగా "సక్సెస్" ఉండాలి.

ఇంటర్నెట్ వస్తోందా అని మాత్రం చూడకండి. తలుపు తెరిచే ఉంది కాబట్టి ఫెయిలైనా వస్తుంది. ఇక్కడ చూడాల్సింది ఈ తెర మాత్రమే.

తర్వాత కావాలనే తప్పు పాస్‌వర్డ్ ఇవ్వండి. "అన్ఆథ్" రావాలి, సర్వర్ డీబగ్‌లో "యాక్సెస్-రిజెక్ట్" కనిపించాలి. తప్పు పాస్‌వర్డ్‌కు కూడా ఆథరైజ్డ్ వచ్చిందంటే ఆ ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ ఎక్కడో జాబితాలో ఉండి మ్యాబ్ దారిలో లోపలికి వచ్చింది. ఆగాల్సినవాడు ఆగాడని కళ్లతో చూసేదాకా ఈ దశ దాటకండి.

ఒక చిక్కు: ఫెయిలయ్యాక విండోస్ మామూలుగా 20 నిమిషాలు మళ్లీ ప్రయత్నించదు. మీరు పాస్‌వర్డ్ సరిచేసినా ఏమీ జరగక బుర్ర బద్దలు కొట్టుకుంటారు. వైర్డ్ ఆటోకాన్ఫిగ్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి.

అన్నీ సరిగ్గా ఉంటే "రీలోడ్ క్యాన్సిల్", ఆ తర్వాతే "రైట్ మెమరీ".

8. ప్రింటర్లు, కెమెరాలు: మ్యాబ్

వీటికి యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చే వీలు సాధారణంగా ఉండదు. 802.1ఎక్స్‌కు జవాబు రాకపోతే స్విచ్ వాటి మ్యాక్ అడ్రస్‌నే పేరుగా, పాస్‌వర్డ్‌గా సర్వర్‌కు పంపుతుంది. దీన్నే మ్యాబ్ అంటారు. యూజర్ల ఫైల్‌లో మ్యాక్ అడ్రస్‌ను 12 అక్షరాలు కలిపి, మధ్యలో చుక్కలు, గీతలు లేకుండా, చిన్న అక్షరాల్లో రాయండి. ఉదాహరణకు 001122334455. స్టిక్కర్ మీద ఉన్నట్టు పెద్ద అక్షరాల్లో, కోలన్లతో రాస్తే కలవదు.

ఇది బలహీనమైన తాళమని మొదటే చెప్పుకున్నాం. కాబట్టి మ్యాబ్‌తో వచ్చే వస్తువులను వీల్యాన్ 40లో విడిగా ఉంచి, అక్కడినుంచి అవసరమైన సర్వర్లకు మాత్రమే దారి ఇవ్వండి. ప్రింటర్ పేరు చెప్పుకుని లోపలికి వచ్చినవాడికి ప్రింటర్‌కు దొరికినంతే దొరకాలి.

ఇప్పుడు చాలామంది ఇబ్బందిపడే విషయం. అకౌంట్స్ గదిలో ఒక ప్రింటర్. పగలంతా బాగానే ఉంటుంది. ఒకరోజు కరెంటు పోయి వచ్చిందనుకోండి, లేదా కేబుల్ కదిలిందనుకోండి. ప్రింటర్ ఆన్‌లోనే ఉంది, లైటు వెలుగుతోంది, తెర మీద "రెడీ" అని ఉంది, అయినా ప్రింట్ రాదు. స్విచ్‌లో చూస్తే సెషనే లేదు. కారణం ఏమిటంటే, మ్యాబ్ మొదలవ్వాలంటే ఆ వస్తువు కనీసం ఒక్క ప్యాకెట్ పంపాలి, అప్పుడే స్విచ్‌కు దాని మ్యాక్ తెలుస్తుంది. ఐపీ చేత్తో పెట్టిన ప్రింటర్ తనంతట తాను ఎవరినీ పలకరించదు. కంప్యూటర్ దాన్ని పిలుద్దామంటే ఆ పిలుపు మూసిన పోర్ట్ దగ్గరే ఆగిపోతుంది. ఇటు వాళ్లు, అటు ఇది, ఇద్దరూ ఎదురుచూస్తుంటారు.

దీనికి రెండు మార్గాలు. ప్రింటర్ ఐపీని డీహెచ్‌సీపీకి మార్చి, సర్వర్‌లో అదే ఐపీ రిజర్వ్ చేయండి. లింక్ లేవగానే అదే ఐపీ అడుగుతుంది, మ్యాబ్ మొదలవుతుంది. అది కుదరకపోతే ఆ పోర్ట్‌లో "ఆథెంటికేషన్ కంట్రోల్-డైరెక్షన్ ఇన్" కొట్టండి. అప్పుడు లోపలినుంచి ప్రింటర్ వైపు వెళ్లే ప్యాకెట్లను స్విచ్ ఆపదు. పిలుపు అందగానే ప్రింటర్ జవాబిస్తుంది, ఆ జవాబుతోనే సెషన్ మొదలవుతుంది. నేను రెండూ పెడతాను.

9. ఫోన్ వెనక కంప్యూటర్

గోడ నుంచి ఐపీ ఫోన్‌కు, ఫోన్ నుంచి కంప్యూటర్‌కు కేబుల్ వెళ్తుంటే "స్విచ్‌పోర్ట్ వాయిస్ వీల్యాన్ 30" చేర్చండి. మల్టీ-డొమైన్ ఉన్నందువల్ల ఒక ఫోన్, ఒక కంప్యూటర్ వేర్వేరుగా లోపలికి వస్తాయి. అయితే ఇది ఫోన్ అని సర్వర్ చెప్పాలి. సర్వర్ జవాబులో సిస్కో-ఏవీపెయిర్‌గా "డివైస్-ట్రాఫిక్-క్లాస్=వాయిస్" పంపండి. అది పంపకపోతే ఫోన్ కంప్యూటర్ చోటును ఆక్రమిస్తుంది, వెనకున్న కంప్యూటర్ రాగానే స్విచ్ దాన్ని అతిక్రమణగా చూస్తుంది.

అతిక్రమణ జరిగితే పోర్ట్ మొత్తం షట్‌డౌన్ అవడమే స్విచ్ సొంత అలవాటు. ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో నడిపినా ఇదే జరుగుతుంది, రెండో మ్యాక్ కనిపిస్తుంది కదా. "ఆథెంటికేషన్ వయొలేషన్ రిస్ట్రిక్ట్" పెడితే కొత్తగా వచ్చినదాన్ని మాత్రం ఆపుతుంది.

టేబుల్ కింద చిన్న స్విచ్ ఉన్నచోట "మల్టీ-హోస్ట్" పెట్టమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. దాంట్లో ఒక్కరు లాగిన్ అయితే చాలు, వెనకున్న అందరూ లోపలికి వచ్చేస్తారు. ఒక్కొక్కరూ విడిగా లాగిన్ అవ్వాలంటే "మల్టీ-ఆథ్". అదీ నమ్మకం కాదు, కొన్ని చిన్న స్విచ్‌లు 802.1ఎక్స్ ఫ్రేములను అసలు దాటనివ్వవు. అక్కడ ఇంకో కేబుల్ లాగించడమే సరైన పని.

10. తలుపు మూయడం

పరీక్ష పోర్ట్ సెట్టింగ్‌ను మిగతా పోర్ట్‌లకు "ఓపెన్"తోనే పెట్టి కనీసం రెండు వారాలు వదిలేయండి. మధ్యలో నెల చివర ఒకటి రావాలి, ఎందుకంటే నెలకోసారి మాత్రమే ఆన్ చేసే వస్తువులు ప్రతి ఆఫీసులో ఉంటాయి. రోజూ "షో ఆథెంటికేషన్ సెషన్స్" చూసి "అన్ఆథ్" ఉన్నవాటిని ఒక్కొక్కటే పరిష్కరించండి. జాబితా ఖాళీ అయ్యేదాకా తొందరపడొద్దు.

మూసే ముందు, సర్వర్ పడిపోతే ఏం జరగాలో నిర్ణయించుకోండి. ఏమీ చెప్పకపోతే అప్పుడు కొత్తగా వచ్చే ఎవరికీ నెట్ ఉండదు.

కాన్ఫిగ్ మోడ్‌లో:
రేడియస్-సర్వర్ డెడ్-క్రైటీరియా టైమ్ 5 ట్రైస్ 3
రేడియస్-సర్వర్ డెడ్‌టైమ్ 10

పోర్ట్‌లో:
ఆథెంటికేషన్ ఈవెంట్ సర్వర్ డెడ్ యాక్షన్ ఆథరైజ్ వీల్యాన్ 20
ఆథెంటికేషన్ ఈవెంట్ సర్వర్ అలైవ్ యాక్షన్ రీఇనిషియలైజ్
ఆథెంటికేషన్ ఈవెంట్ నో-రెస్పాన్స్ యాక్షన్ ఆథరైజ్ వీల్యాన్ 90

సర్వర్ పడిపోయినప్పుడు అందరినీ సిబ్బంది వీల్యాన్‌లోకి రానివ్వడం సరైనదా? మామూలు ఆఫీసులో పని ఆగకపోవడం ముఖ్యం, కాబట్టి సరే. డబ్బు, రోగుల రికార్డులు, పరీక్ష పత్రాల లాంటివి ఉన్నచోట మాత్రం 20 బదులు పరిమిత దారి ఉన్న వేరే వీల్యాన్ ఇవ్వండి. ఎక్కడైనా రెండో రేడియస్ సర్వర్ ఒకటి పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు ఒక్కో పోర్ట్‌లో "నో ఆథెంటికేషన్ ఓపెన్". మొదటిరోజు మీ సొంత పోర్ట్, మీ టీమ్ పోర్ట్‌లు. మర్నాడు ఓ పది. ఉదయం పూట, మీరు ఆఫీసులో ఉండగానే చేయండి. శుక్రవారం సాయంత్రం చేసి ఇంటికి వెళ్లకండి.

మూసిన ప్రతిసారీ మూడు పరీక్షలు. జాబితాలో లేని ల్యాప్‌టాప్ పెట్టండి, అతిథి వీల్యాన్ 90 ఐపీ మాత్రమే రావాలి. సిబ్బంది ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయండి, లాగిన్ తెర నుంచే నెట్ ఉండాలి. చివరగా రేడియస్ సర్వీస్ ఆపి, కేబుల్ తీసి పెట్టండి. నిమిషం, రెండు నిమిషాల్లో వీల్యాన్ 20 రావాలి. ఈ మూడోది ఎవరూ చేయరు. సర్వర్ నిజంగా పడిపోయిన రోజు ఇదొక్కటే మిమ్మల్ని కాపాడుతుంది.

ఆ తర్వాత కూడా ఆగితే

వీల్యాన్ సర్వర్ నుంచి ఇవ్వడం మొదలుపెట్టాక ఆథరైజ్డ్ వస్తుంది కానీ వీల్యాన్ మారదు. టనెల్-టైప్, టనెల్-మీడియం-టైప్, టనెల్-ప్రైవేట్-గ్రూప్-ఐడీ మూడూ పంపారా చూడండి, ఒక్కటి తగ్గినా స్విచ్ పట్టించుకోదు. మూడూ రాసినా రాకపోతే, పీఈఏపీలో ఆ జవాబు లోపలి టనెల్‌లోనే ఉండిపోయి ఉంటుంది. ఫ్రీరేడియస్ "ఇన్నర్-టనెల్" ఫైల్‌లో, పోస్ట్-ఆథ్ భాగంలో "ఇఫ్ (0)" అని ఒక బ్లాక్ ఉంటుంది. సున్నాను 1 చేస్తే అది బయటికి వస్తుంది. ఆ నంబర్ వీల్యాన్ స్విచ్‌లో ముందే సృష్టించి ఉండాలి, లేకపోతే ఆథరైజేషన్ ఫెయిలవుతుంది.

ఒక్కరికే సమస్య అయితే ల్యాప్‌టాప్ చూడండి. ఒక స్విచ్ మీదున్న అందరికీ అయితే క్లయింట్స్ ఫైల్, సీక్రెట్. ఆఫీసు మొత్తానికి, ఒకే నిమిషంలో అయితే సర్వర్ సర్టిఫికెట్ గడువు చూడండి. ఫ్రీరేడియస్ సొంతంగా తయారుచేసే పరీక్ష సర్టిఫికెట్లకు గడువు 60 రోజులే. ఎంతో బాగా నడుస్తోందనుకున్న రెండు నెలలకు, ఒక ఉదయం ఎవరికీ నెట్ ఉండదు. సరైన సర్టిఫికెట్ పెట్టిన రోజే దాని చివరి తేదీ చూసి, అంతకు నెల ముందు తేదీని మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. మీ తర్వాత ఈ పని చూసేవారి ఫోన్‌లో కూడా పెట్టించండి.